బాల్కనీలో పైపొర పరిశీలన

ముప్పై కోట్ల కిలోమీటర్ల అవతల తిరిగే గ్రహశకలం ఇనుమో, బొగ్గో, ఉత్త రాయో ఎల్బీనగర్‌లో మా ఇల్లు కదలకుండానే చెప్పగలనని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను. ముట్టుకోనక్కర్లేదు. దాని మీద పడి తిరిగొచ్చిన సూర్యకాంతిని రంగులుగా విడగొట్టి, ఏ రంగు ఎంత తగ్గిందో చూస్తే చాలు. ఇంతటివాడికి ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా పెళ్లి కాకపోవడం దేశానికే తీరని లోటని మా అమ్మ మల్లమ్మ అభిప్రాయం. నాకూ అదే బెంగ, దాచుకోవడం దేనికి!

పదకొండో సంబంధం మన్సూరాబాద్‌లో తగిలింది. అమ్మాయి పేరు సాధన, తుర్కయంజాల్ బడిలో సైన్సు టీచరు. రోజూ ఎండలో స్కూటీ మీద పోయొస్తుంది. పెళ్లిచూపులకు అమ్మతో కలిసి వాళ్లింటికి వెళ్లాను. వాళ్లు పిలిపించిన పాస్టరుగారు ప్రార్థన ముగించగానే, ఎవరూ అడగకపోయినా నేను ఉపన్యాసం అందుకున్నాను.

"గ్రహశకలాల పైపొర కోట్ల ఏళ్ల ఎండకు కమిలిపోతుంది. లోపలి సరుకు వేరే ఉంటుంది. కాబట్టి పైరంగు చూసి మోసపోవడం అశాస్త్రీయం!"

సాధన తండ్రి పేతురుగారు పరవశించి నా ప్లేటులో ఇంకో మైసూర్‌పాక్ వేశారు.

అమ్మ మాత్రం ట్యూబులైటు వంక అనుమానంగా చూసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ చీరనైనా దుకాణం బయటికి పట్టుకొచ్చి ఎండలో చూడనిదే కొనని మనిషి ఆమె.

"గీ లైట్ల అన్నీ తెల్లగనే కొడ్తయ్. బిడ్డా, జర బాల్కనీలకు రా, ఎండల సూస్త" అంది.

నేను అడ్డుపడాలి. పడలేదు. పైగా పరిశీలనకు సహజకాంతే శ్రేష్ఠమని తోచి, కూర్చున్నచోటి నుంచే మెడ సాచాను. ఛీ, సిగ్గులేని జన్మ!

సాధన నిదానంగా వెళ్లి ఎండలో నిలబడింది. "చూసిన్రు గదా ఆంటీ? ఇగ సార్‌ని గూడ రమ్మనుండ్రి."

వెళ్లాను. మే నెల, పదకొండు గంటల ఎండ. ట్యూబులైటు కింద నల్లగా నిగనిగలాడిన నా జుట్టు అక్కడ వంకాయ రంగు కొట్టింది. పొద్దున హడావిడిగా వేసుకున్న రంగు మరి.

"మీ పైపొర ఏందో ఇప్పుడు తెల్సింది సార్" అంది సాధన. "లోపలి సరుకు మాత్రం, ఆంటీ నన్ను ఎండలకు పిలిస్తె మీరు సప్పుడు చెయ్యకుండ కూసున్నరు సూడుండ్రి, గప్పుడే తెల్సింది."

పేతురుగారు నా ప్లేటు తీసేశారు.

ఆటోలో అమ్మ, "పోనీలే బిడ్డా, పిల్ల గూడ జర సామనఛాయనే" అంది. ఔనన్నాను.

పన్నెండో సంబంధం సైదాబాద్‌లో ఉంది. ఇల్లు తూర్పు ముఖమట, పొద్దున్నే హాలులోకి ఎండ పడుతుందట. నన్ను చూసి నవ్వుకుంటున్న పెద్దలకొక మనవి: మీ ఇంటి పెళ్లిచూపుల్లో పిల్ల రంగు మాట వచ్చినప్పుడు మీరు ఎంత గట్టిగా అడ్డుపడ్డారో, జర నాకూ చెప్పండి.