కొండ కింద కోరం

దేశంలో ప్రజాస్వామ్యం ఇదివరకెన్నడూ లేనంత భద్రంగా ఉందని వైట్ హౌస్ సోమవారం ప్రకటించింది. ఎంత భద్రంగా అంటే, అది ఎక్కడుందో శత్రువులకే కాదు, ఓటేసినవాళ్లకు కూడా తెలియదట.

ఈ భద్రతకు పునాది పడింది వ్యవసాయ మంత్రి ఎల్మర్ డ్వోరాక్‌తోనే. నెబ్రాస్కా మనిషి. మొక్కజొన్న గురించి తప్ప దేని గురించీ నోరెత్తడని మంచి పేరుండేది. ఆ పేరును కేబినెట్‌లో ఒక్క ప్రశ్నతో పోగొట్టుకున్నాడు.

సాంటా బెలీనా అనే బుల్లి ద్వీపం మీదికి యుద్ధనౌకలు పంపుతున్నామని అధ్యక్షుల వారు ఆ రోజు సెలవిచ్చారు. ఆ ద్వీప ప్రధాని ఈయన పుట్టినరోజుకు శుభాకాంక్షలు చెప్పడం మర్చిపోయాడట. మంత్రులు వరసగా లేచి ఈ విదేశాంగ విధానంలోని లోతును మెచ్చుకున్నారు. ఎల్మర్ వంతు వచ్చింది.

"సర్, యుద్ధమంటే కాంగ్రెస్‌ను అడగాలి కదండీ?"

అడక్కుండా ఉండలేకపోయాడు పాపం. అతని కూతురు గ్రెటా ఆ నౌకల్లో ఒకదాని మీద లెఫ్టినెంటు. ముందురోజే ఫోన్ చేసి, "నాన్నా, ఎందుకెళ్తున్నామో మా కెప్టెన్‌కే తెలీదు" అంది.

అధ్యక్షుల వారికి కోపం రాలేదు. చిరునవ్వు నవ్వారు.

"చక్కటి ప్రశ్న! ఇలాంటి బుర్ర ఈ దేశానికి మిగలాలి. ఏమంటావ్ బ్రెండా?"

"మిగిలి తీరాలి సర్" అంది ఆయన ఆంతరంగిక కార్యదర్శి బ్రెండా.

ఏటా అధ్యక్షుడు కాంగ్రెస్ ముందు ప్రసంగించే రోజున, సభ మీద ఏ బాంబో పడితే దేశానికి దిక్కుండాలని ఒక మంత్రిని దూరంగా దాచిపెట్టడం అక్కడి ఆచారం. ఆ ఏడు మిగిలే మనిషిగా ఎల్మర్‌ను ఎంపిక చేశారు. హెలికాప్టర్‌లో తీసుకెళ్లి ఒక కొండ కింద గదిలో దించారు. సోఫాలు, కాఫీ యంత్రం, గొంతు పోయిన టీవీ. ఫోన్ మాత్రం గుమ్మం దగ్గరే తీసేసుకున్నారు. ప్రసంగం ముగిసింది. ఎవరూ రాలేదు.

"అయిపోయింది కదా బాబూ, ఇక బయల్దేరనా?" అని కాపలా సార్జెంటును అడిగాడు.

"ఎక్కడ అయిపోయింది సర్? అధ్యక్షుల వారు రోజూ మాట్లాడుతూనే ఉన్నారు. రోజూ ఎవరో ఒకరు మిగలొద్దూ?"

కొన్నాళ్లకు ఆర్థిక మంత్రి దిగాడు. "యుద్ధానికి డబ్బెక్కడిదని అడిగానయ్యా. నీలాంటివాడు కూడా మిగలాలన్నారు!" అని మురిసిపోయాడు. ఆ తర్వాత ఒక జడ్జి. ఆ వెనకే బస్సుల్లో కాంగ్రెస్ సభ్యులు, సెనేటర్లూ ప్రతినిధులూ. ప్రజాస్వామ్యం మీద అధ్యక్షుల వారికున్న శ్రద్ధ అంతటిది. సోఫాలు చాలక మడత కుర్చీలు తెప్పించారు.

ఒక పొద్దున్న డోనట్ల కోసం లైన్లో నిలబడ్డప్పుడు ఎల్మర్‌కు తట్టింది. పరుగున వెళ్లి సెనేటర్లలోకెల్లా పెద్దాయన థాడియస్ ప్రూయిట్‌ను పట్టుకున్నాడు.

"సెనేటర్ గారూ, మీవాళ్లు సగానికి పైగా ఇక్కడే ఉన్నారు! సభ జరపడానికి కోరం ఉందండీ! యుద్ధం ఆపమని తీర్మానం చేసెయ్యండి. నౌకలింకా చేరలేదు, టీవీలో చూశాను. మా అమ్మాయి ఉందండీ అందులో!"

"నీ బిడ్డ నా బిడ్డ కాదుటయ్యా!" అని పెద్దాయన కళ్లు తుడుచుకుని, చెంచాతో కప్పు మీద కొట్టి సభను ప్రారంభించాడు.

అయితే అధ్యక్షుడు ఏమంటున్నాడో వినకుండా కాదనడం మర్యాద కాదని ఒక సభ్యుడు లేచాడు. నిజమే కదా! ముందు మాటలు వినిపించే టీవీ కావాలని తీర్మానించారు. ఏకగ్రీవం! రెండు పార్టీలవాళ్లూ కౌగిలించుకుని ఏడ్చారు. యుద్ధం సంగతి భోజనాలయ్యాక చూద్దామన్నారు.

గోడంత టీవీ భోజనాలవకముందే వచ్చేసింది. అందులో కాంగ్రెస్ సభ, అధ్యక్షుల వారు.

"కాంగ్రెస్‌ను అడగలేదని కొందరు గొణిగారు. ఇదిగో, అడుగుతున్నా! కొట్టమంటారా, వద్దా?"

కెమెరా సభ మీదికి తిరిగింది. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. సినిమా అవార్డుల పండగల్లో తారలు లేచి వెళ్తే వాళ్ల కుర్చీల్లో అద్దె మనుషుల్ని కూర్చోబెడతారే, వాళ్లే. మంచి సూట్లేసుకున్నారు. బ్రెండా చెయ్యి ఊపగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కొత్త టీవీ కదా, చప్పట్లు దద్దరిల్లేలా వినిపించాయి.

"అయ్యా, త్వరగా!" అన్నాడు ఎల్మర్. "ఇప్పుడైనా తీర్మానం!"

ప్రూయిట్ అతని భుజం తట్టాడు. "ఎలా కుదురుతుంది నాయనా? కాంగ్రెసే ఒప్పుకున్నాక ఇక మనదేముంది?"

"కాంగ్రెస్ అంటే మీరేనండీ! అక్కడున్నది ఎవరో ఏమో!"

టీవీలో సభ పోయి సముద్రం వచ్చింది. నౌక మీద పిల్లలు బారులు తీరి నిలబడ్డారు. ఎల్మర్ ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క టోపీ కింద గ్రెటా ముఖం కోసం వెతకసాగాడు. ఇంతలో నౌక పోయి మళ్లీ సభ వచ్చింది. అతను అలాగే నిలబడిపోయాడు.

"కాస్త పక్కకు జరుగు ఎల్మర్" అన్నాడు వెనకనుంచి ప్రూయిట్, కళ్లజోడు సర్దుకుంటూ. "మూడో వరస... ఆఁ, అదిగో! హమ్మయ్య, నా సీటు ఖాళీగా లేదు. ఇన్నాళ్లూ నాకు అదే బెంగ."