హంసా నగర్ కొంగలు

ఆ గురువారం పొద్దున లక్ష్మీనారాయణ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. నంద్యాలలో ఆళ్ళగడ్డ బస్సెక్కాలి. ఊరి శివారు దాటగానే హంసా నగర్ దగ్గర దిగాలి. అక్కడి నేలంతా నడిచి చూడాలి. మళ్ళీ బస్సెక్కి, ఆళ్ళగడ్డలో అత్తగారింట్లో భోజనం చెయ్యాలి. ఇందులో మొదటిదీ చివరిదీ ఆయన చక్కగా నెరవేర్చాడు.

లక్ష్మీనారాయణ మున్సిపాలిటీలో పర్యావరణం సంగతులు చూసే ఇంజనీరు. హంసా నగర్ అప్పటికింకా నగర్ కాదు. రోడ్డు పక్కన పదెకరాల నల్లరేగడి నేల, దాని ముందొక రంగురంగుల బోర్డు, అంతే. పరుపుల వ్యాపారి షాకీర్ ఉన్నదంతా ఊడ్చి ఆ నేల కొన్నాడు. ప్లాట్లు వేసుకుంటానని అర్జీ పెట్టుకున్నాడు. అక్కడ ఇళ్ళు లేస్తే నీటికీ చెట్లకీ జీవాలకీ ఏం నష్టమో చూసి చెప్పమని కౌన్సిల్ ఈ పని లక్ష్మీనారాయణకు అప్పగించింది.

ఊరికే అప్పగించలేదు. కళ్ళారా చూడనిదే సంతకం పెట్టడని ఆఫీసులో ఆయనకు పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. భార్య సుకన్య కూడా చుట్టాల దగ్గర చెప్పుకునేది ఆ ఒక్క గొప్పే. పాపం, చెప్పుకోవడానికి ఇంకో గొప్ప ఆయన సమకూర్చి పెట్టలేదు.

"బురదలో దిగేటప్పుడు ఆ కొత్త బూట్లు ఇప్పేసి దిగండి," అంది సుకన్య గుమ్మం దగ్గర.

"బూట్లు పోతే పోనీలే. రోడ్డు మీద నిలబడి చూసొచ్చే రకమా నేను?" అన్నాడు లక్ష్మీనారాయణ.

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చి గంట కూడా కాలేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చల్లగాలి తగులుతోంది. అంతలో అత్తగారు సరోజమ్మ ఫోన్ చేసింది.

"యాడుండావు అల్లుడూ? కోడికూర దించేసినా. సంగటి కెలుకుతాండా. బేగా రా. చల్లారితే రాయైతాది!"

"వస్తాండా అత్తా. మధ్యలో రవ్వంత పనుంది."

"పని యాడికి పోతాది? సంగటి ఆగదు నాయనా."

సరిగ్గా అప్పుడే కండక్టర్ కేకేశాడు. "హంసా నగర్ ఎవరప్పా దిగేది?"

లక్ష్మీనారాయణ సగం లేచాడు. కిటికీలోంచి చూశాడు. వారం రోజులుగా కురిసిన వానకు పల్లమంతా నీళ్ళు నిలిచాయి. రోడ్డుకూ నీళ్ళకూ మధ్య నల్లటి బురద తళతళలాడుతోంది. నీళ్ళలో తెల్లటి కొంగలు, ఓ ఇరవై దాకా, మెడలు వంచి నిలబడి ఉన్నాయి. ఆయన ఒకసారి బూట్ల వైపు చూసుకున్నాడు. నేను దగ్గరికి పోతే బెదిరి ఎగిరిపోతాయేమో, పాపం, అనిపించింది. ఆ జాలితోనే ఫోన్ తీసి, కిటికీలోంచి ఒక ఫోటో కొట్టి, కూర్చున్నాడు. బస్సు కదిలింది. సంగటి వేడిగా ఉండగానే అందింది.

సాయంత్రం తిరుగు బస్సులో మళ్ళీ చూశాడు. కొంగలు పొద్దున ఉన్నచోటే ఉన్నాయి. అది ఆయనకు ఎంతో నచ్చింది. ఇంటికొచ్చి నివేదిక రాశాడు. "స్థలమంతయు కాలినడకన పరిశీలించితిని. పల్లములో సుమారు ఇరవై తెల్లకొంగలు నివసించుచున్నవి. ఉదయము మొదలు సాయంత్రము వరకు చోటు వదలవు. మనిషి దగ్గరకు పోయినను బెదరవు."

చివరి వాక్యం దగ్గర కలం కాసేపు ఆగింది. అయినా బస్సు హారన్‌కే బెదరనివి మనిషికి బెదురుతాయా అని సమాధానపడ్డాడు.

"బూట్లు కడిగేసినారా? ఇంత తెల్లగా ఉండాయే," అంది సుకన్య.

"కడిగేసినా," అన్నాడు. ఒక అబద్ధం రాసినవాడికి రెండోది పలకడం పెద్ద కష్టం కాలేదు.

శుక్రవారం కౌన్సిల్ సమావేశంలో ఛైర్‌పర్సన్ ఉమామహేశ్వరమ్మ ఆ నివేదికను పైకి చదివింది. ఆమె గొంతు మైకు లేకుండానే బస్టాండు దాకా వినిపిస్తుంది.

"వినండప్పా! మనిషి దగ్గరికి పోయినా బెదరవంట! మన ఊరి మీద ఎంత నమ్మకం లేకపోతే అట్లా నిలబడతాయి? వాటి నోట్లో మట్టి కొట్టి ప్లాట్లేస్తామా మనం?"

అందరూ బల్లలు చరిచారు. షాకీర్ అర్జీని ఆపేశారు. సోమవారం కౌన్సిల్ అంతా పోయి కొంగలను చూసి, అక్కడే పక్షుల పార్కు ప్రకటించాలని తీర్మానించారు. లక్ష్మీనారాయణను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాడు. చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. కూర్చుందామంటే ఉమామహేశ్వరమ్మ సైగతో వద్దంది.

మర్నాడు పేపర్లో "బురదలో దిగి కొంగలను కాపాడిన ఇంజనీర్" అని పడింది. సుకన్య దాన్ని కత్తిరించి, తాను చదువు చెప్పే బడిలో గోడకు అంటించింది.

"సోమవారం మా పిల్లలను గూడా తోలుకొస్తాండా," అంది మురిసిపోతూ.

"పిల్లలెందుకు? కొంగలు బెదురుతాయి."

"బెదరవని మీరే రాస్తిరి కదా!"

ఆయన లేచి పెరట్లోకి నడిచాడు. గోడకంటించిన ఆ కాగితం బడి వదిలి తన వెంటే వచ్చినట్టుంది. అప్పటికి ఆయన సిగ్గు ఒక్కటే, బస్సు దిగలేదని. దానికి తోడు రాబోయే సిగ్గు శనివారం సాయంత్రం తలుపు తట్టింది.

వచ్చినవాడు షాకీర్. చేతిలో సంచి ఉంది. లక్ష్మీనారాయణ గుమ్మంలోనే నిలబడి గొంతు పెంచాడు.

"ఆ సంచి లోపలికి తేవద్దు షాకీర్. నేనట్లాంటోణ్ణి కాదు."

"ఇవి మా ఆమె తెమ్మన్న కూరగాయలు సార్," అన్నాడు షాకీర్ కంగారుగా. "మీకు ఫోటో ఒకటి చూపించాల్నని వస్తి."

ఫోన్ తీసి చూపించాడు. ఆళ్ళగడ్డలో ఒక శిల్పాల షెడ్డు. దాని ముందు లారీ. లారీలో గడ్డి పరిచి, వరసగా కొంగలు. మెడలు వంచి ఉన్నాయి. ఒక్కోదాని కాళ్ళ కింద రాతి పీట.

"హంసా నగర్ అని పేరు పెట్టుకుంటి కదా సార్, గేటు కాడ హంసలు పెడదామనుకుంటి. శిల్పాలు చెక్కే జకరయ్యన్న కాడికి పోతే, ఎవరో పార్కుకని చేయించి వదిలేసిన కొంగలుండె. మెడ పొడుగే కదా, జనం కనిపెడతారా యాడన్నా అని అవే తెస్తి. తెల్లరంగు నేనే కొట్టిస్తి. లారీ బురదలో దిగబడతాంటే ఆడ్నే దించేసిరి. తర్వాత నీళ్ళొచ్చి పీటలు మునిగిపాయె."

లక్ష్మీనారాయణ ఫోన్‌ను కళ్ళ దగ్గరికి లాక్కున్నాడు.

"మీరు దగ్గరికి పోయి చూసినారంట కదా సార్," అన్నాడు షాకీర్. వెటకారం ఏమీ లేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "మరి మీకు రాయని తెల్లేదా?"

షాకీర్ ఆయన ముఖం చూశాడు. సంగతి అర్థమైంది. అర్థం కాగానే మర్యాదగా తల దించుకున్నాడు. తిట్టినా బాగుండేది. మోసపోయిన మనిషి, మోసం చేసినవాడి పరువు కోసం తల దించుకోవడం లక్ష్మీనారాయణ తట్టుకోలేకపోయాడు.

"నేనెవరికీ చెప్పలా సార్. చెప్పను గూడా. మీకు మంచి పేరుంది," అన్నాడు షాకీర్ మెట్లు దిగుతూ. "నా ప్లాట్ల సంగతి మాత్రం మీరే ఏదో ఒకటి చూడండి."

ఆదివారం పొద్దున్నే లక్ష్మీనారాయణ ఆళ్ళగడ్డకు పరుగెత్తాడు. సోమవారం లోపల ఆ కొంగలు అక్కడ్నుంచి లేవాలి. కొంగలు వెళ్ళిపోయాయంటే ఎవరూ తప్పు పట్టరు, రెక్కలున్నవి కదా. జకరయ్య షెడ్డులో సగం చెక్కిన నంది ముందు కూర్చుని ఉలికి పదును పెడుతున్నాడు. విషయం వినగానే ఉలి కింద పెట్టాడు.

"నిజం కొంగలనుకున్నారా సార్? మీరు? ఇంజనీరు?"

"బస్సులో నుంచి చూస్తి జకరయ్యా. లారీ పంపించి..."

"ఆరకుండా ఆ బురదలోకి లారీ పోదు సార్. అది ఉండనీండి. రెండుసార్లు చూసినా కనిపెట్టలేదా?"

"పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి," అన్నాడు లక్ష్మీనారాయణ నేల చూస్తూ.

జకరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "మా నాయన బతికుంటే ఈ మాట చెప్పేటోణ్ణి. ఇన్నేండ్లలో ఒక్కరన్నా నా పనిని ఇంతగా మెచ్చుకోలేదు సార్. రేపు నేనొస్తాండా. మీకు శాలువా కప్పాల."

"వద్దు జకరయ్యా, నీకు దండం పెడతా."

"కప్పాల్సిందే!"

తిరుగు ప్రయాణంలో హంసా నగర్ వస్తోందని తెలిసి ఆయన ఆ వైపు చూడలేక తల తిప్పుకున్నాడు. చూడాల్సింది చూడకపోవడంలో అది ఆయన చేసిన రెండో తప్పు. ఇంట్లో అన్నం ముట్టలేదు. సాయంత్రం ధైర్యం కూడగట్టుకుని, "సుకన్యా, ఆ బూట్లు..." అని మొదలుపెట్టాడు.

"తెల్సు. రేపు మళ్ళీ బురదే కదా. పాతవి తీసి పెట్టినా," అంది సుకన్య, ఆయన ముఖంలోకి సూటిగా చూస్తూ. మిగతాది ఆయన మింగేశాడు. పొద్దున మళ్ళీ కొత్తవే తొడుక్కుని పోయాడు, పాతవి తొడుక్కునే ముఖం లేక.

సోమవారం రోడ్డంతా జనం. కౌన్సిల్ జీపులు, సుకన్య వెనక రెండు వరసల పిల్లలు, పేపర్ ఫోటోగ్రాఫరు, మడతపెట్టిన శాలువాతో జకరయ్య, బోర్డు నీడలో ఒంటరిగా షాకీర్. నీళ్ళలో కొంగలు మెడలు వంచి నిలబడి ఉన్నాయి.

"ఇరవై అని రాస్తివి, ఇంకా ఎక్కువే ఉన్నట్టుండాయే!" అంది ఉమామహేశ్వరమ్మ. "చూడండప్పా, కదలకుండా ఎట్లుండాయో, బొమ్మల మాదిరి!"

లక్ష్మీనారాయణ షాకీర్ వైపు చూశాడు. షాకీర్ ఒక్క మాట అంటే చాలు, నోరు తెరిస్తే చాలు. ఆ మనిషి మాత్రం మాటిచ్చానని నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ మౌనం లక్ష్మీనారాయణను ముందుకు తోసింది.

"అవి బొమ్మలే మేడమ్," అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. "అవి బొమ్మలే! రాతి కొంగలు! ఆ పొద్దు నేను బస్సు దిగలా. బూట్లకు బురదయితాదని, సంగటి చల్లారిపోతాదని కిటికీలో నుంచి చూసి రాసేస్తి. నడిచి చూసినా అన్నది అబద్ధం. షాకీర్ తప్పేమీ లేదు. తప్పంతా నాది."

సుకన్య ఆయన బూట్ల వైపు చూసింది. ఆ చూపు కింద నిలబడటం కంటే బురదలో దిగడం నయమనిపించింది లక్ష్మీనారాయణకు.

"రాతివా?" అంది ఉమామహేశ్వరమ్మ.

"ఉండండి, చూపిస్తా!"

బూట్లతోనే బురదలోకి దిగాడు. మోకాళ్ళ దాకా కూరుకుపోయాడు. ఒక బూటును బురద తీసుకుంది, ఆయన వెనక్కి చూడలేదు. అందరికన్నా ముందున్న కొంగ దగ్గరికి చేరాడు. "ఇదో, రాయి!" అని అరిచి, దాని నెత్తిన చేత్తో ఠపీమని కొట్టబోయాడు.

కొంగ మెడ తిప్పి ఆయన్ను చిరాగ్గా చూసింది. రెక్కలు విప్పి లేచిపోయింది. దాంతోపాటు చుట్టూ ఉన్నవీ లేచాయి. తెల్లగా, గుంపుగా, ఆయన నెత్తి మీదుగా. పిల్లలు కేరింతలు కొట్టారు. ఫోటోగ్రాఫర్ ఆపకుండా నొక్కుతున్నాడు. నీళ్ళలో ఇంకా ఇరవై మిగిలాయి, పీటల మీద, మెడలు వంచి. వాటి వైపు చూసే తీరిక ఎవరికీ లేదు.

జకరయ్య గొంతు ఒక్కటే పైకి లేచింది. "కొంగలకే తెల్లేదు సార్! తమ జాతేననుకుని వచ్చి వాలినాయి! కొంగలకే తెల్లేదు!" అంటూ తెచ్చిన శాలువా తనే కప్పుకున్నాడు.

"ఇది రాయి! ఇదో, ఇది!" అని లక్ష్మీనారాయణ మిగిలినవాటిని ఒక్కొక్కటే తడుతున్నాడు. ఠంగుమని మోగుతోంది గానీ, ఉమామహేశ్వరమ్మ చూపు ఆకాశం దిగి నేరుగా షాకీర్ మీదికి పోయింది.

"ఎంతిచ్చినావప్పా మా ఇంజనీరుకు, బతికుండే కొంగలను రాళ్ళని చెప్పేదానికి?"

అబద్ధం రాసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళంతా, నిజం చెప్పినప్పుడు ముఖం తిప్పుకున్నారు. ఆ పూట లక్ష్మీనారాయణ పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు. జకరయ్యా షాకీరూ ప్రమాణాలు చేసి, ఫోటోలు చూపించి, చివరికి ఒక రాతి కొంగను తాళ్ళతో ఒడ్డుకు లాగాకగానీ ఆమె నమ్మలేదు. నమ్మాక, నివేదిక విషయంలో సంజాయిషీ అడిగింది. అందులో ఆయనకు ఫిర్యాదేమీ లేదు.

తర్వాత నేలను సరిగ్గా కొలిపించారు. పల్లంగా ఉన్న సగం ఏటా నీళ్ళు నిలిచే నేలేనని, అక్కడ ఇళ్ళు కడితే మునుగుతాయని తేలింది. మిట్టన ఉన్న సగంలో షాకీర్‌ను ప్లాట్లు వేసుకోమన్నారు. పల్లం కొంగలకు వదిలేశారు, రాతివాటితో సహా. వాటిని తీసేస్తే అసలువి వస్తాయో రావోనని కౌన్సిల్‌కు భయం.

"నా కొంగలే నా సగం నేల తినేసె సార్," అన్నాడు షాకీర్. "మునిగే ఇండ్లు అమ్మింటే మాత్రం జనం నన్ను తినేసేటోళ్ళులే."

ఆ సోమవారం ఒంటి బూటుతో ఇంటికి నడుస్తున్నప్పుడు లక్ష్మీనారాయణ అడిగాడు. "ఆ పొద్దు బూట్లు కడగలేదని నీకు..."

"తెల్సు," అంది సుకన్య. "బూట్ల అడుగు కూడా తెల్లగానే ఉండె."

"మరి అడగలేదే?"

"మీరే చెప్తారేమోనని చూస్తాంటి. అంత మందిలో చెప్తారని మాత్రం అనుకోలా." గోడకంటించిన పేపరు ముక్క ఆమె బ్యాగులోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. చింపలేదు. దాన్ని చింపాల్సింది ఆయనేనని ఇద్దరికీ తెలుసు.

ప్రతి గురువారం నీళ్ళలో దిగి, రాతివి మినహాయించి, కొంగలను లెక్కపెట్టే బాధ్యత కౌన్సిల్ ఆయనకే ఇచ్చింది. కండక్టర్ కేకెయ్యకముందే ఆయన తలుపు దగ్గర ఉంటున్నాడు. అత్తగారి ఫోన్ మోగుతూనే ఉంటుంది.

ఆళ్ళగడ్డలో సంగటి మాత్రం ఇప్పుడు రాయయ్యాకే తింటున్నాడు.