అయిదో అంతస్తులో గాలి

మైనస్ ముప్పై ఆరు అని రేడియోలో చెప్పగానే బడికి సెలవు ఖాయమైపోయింది. మౌలెన్ మాష్టారు ఆ మాట కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. అక్‌తాస్ అనే ఆ గనుల ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా పిల్లలకు భూగోళం చెబుతున్న మనిషి, చలి అంకె వింటే చాలు, సెలవు ఒక రోజా రెండు రోజులా అని కూడా చెప్పేస్తాడు. ఆ శుక్రవారానికి ఆయన వేసుకున్న పథకం చిన్నదే. పాలు పోసిన టీ మూడు గిన్నెలు తాగాలి. పడకగదిలో వేడినీళ్ళు పారే ఇనుప రేడియేటరుకు వీపు ఆనించుకుని పరీక్ష పేపర్లు దిద్దాలి. మధ్యాహ్నం ఒక కునుకు తీయాలి.

తొమ్మిది గంటలకు వీపు ఆనించి, వెంటనే లేచి నిలబడ్డాడు. ఇనుము చల్లగా తగిలింది.

భార్య షర్బాను వచ్చి, జ్వరం చూసినట్టు రేడియేటరు పైనా కిందా చెయ్యి పెట్టి చూసింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆమె కూడా ఊరందరిలాగే ఆయన్ని మాష్టారూ అనే పిలిచేది. "గాలి పట్టింది మాష్టారూ. పైకెళ్ళి ప్రోఖర్ గారితో ఓ మాట చెప్పి రండి," అంది.

ఊరి చివర బాయిలర్ హౌసులో కాగిన నీళ్ళు గొట్టాల వెంట వచ్చి ఆ అయిదంతస్తుల భవనం ఎక్కుతాయి. మధ్యలో ఎక్కడ గాలి చేరినా అది పోయి పై అంతస్తులో తిష్ఠ వేస్తుంది. అక్కడి రేడియేటరుకున్న చిన్న కుళాయి తిప్పి గాలి వదిలేస్తే కింద అందరికీ వేడి అందుతుంది. ఆ కుళాయి ప్రోఖర్ ఇంట్లో ఉంది. డెబ్బై దాటిన ఆ ముసలాయన ముందు గనిలోనూ తరవాత బాయిలర్ హౌసులోనూ పంపులు చూసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. బతుకంతా మనుషులతో కన్నా పంపులతోనే ఎక్కువ మాట్లాడాడని ఆయనకు పేరు.

మౌలెన్ రెండో అంతస్తు నుంచి రొప్పుకుంటూ ఎక్కి తలుపు కొట్టాడు. పలుకు లేదు. తాళంచెవితో కొట్టాడు. ఎదురింటి తలుపు తెరుచుకుని క్లావా తల బయటపెట్టింది. ఒకప్పుడు తపాలా ఆఫీసులో పనిచేసిన ఈ క్లావాకు ఉత్తరాలు పోయినా కబుర్లు మోసే అలవాటు పోలేదు.

"మంగళవారం దగ్గాడు మాష్టారూ," అంది గొంతు తగ్గించి. "బుధవారం దగ్గలేదు. నిన్నా దగ్గలేదు."

ఇరవైసార్లు ఆలోచించి గానీ ఒక మాట అనని మౌలెన్ ఆ చలిలో ఆలోచించకుండా ఒక మాట అనేశాడు. "లోపల ఏమైనా అయిందేమో."

క్లావా గుండె మీద చెయ్యి వేసుకుంది. వెంటనే ఫోను తీసి ప్రోఖర్ నంబరు కొట్టింది. మూసిన తలుపు వెనకాల, లోపల ఎక్కడో, ఫోను మోగడం మొదలుపెట్టింది. ఇద్దరూ నిలబడి విన్నారు. పన్నెండుసార్లు మోగి ఆగిపోయింది. ఆ పన్నెండు మోతలతో ప్రోఖర్ చనిపోయాడన్నది మెట్లదారిలో స్థిరపడిపోయింది.

మౌలెన్ తన అంతస్తుకు దిగేసరికి షర్బాను పిండి కలుపుతోంది. పోయినవారి పేరు మీద నూనెలో వేయించి పంచే ఏడు షెల్పెక్ రొట్టెల కోసం. ఆమెకు కబురు మెట్లదారిలోంచి ఆయనకన్నా ముందే దిగివచ్చింది. ఇంకా తలుపే తెరవలేదు కదా అని ఆయన అంటే, తెరిచాక పిండి కలిపితే ఎప్పటికి నానుతుందని ఆమె అడిగింది.

అంతలో క్లావా తెల్లకాగితం పట్టుకుని వచ్చింది. మాష్టారి దస్తూరి బాగుంటుంది కాబట్టి సంతాప ప్రకటన ఆయనే రాయాలి, మెట్లదారి వాకిట్లో అంటించాలి. మౌలెన్ కాదనబోయాడు. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు చూసి, పుట్టిన సంవత్సరం ఆవిడ చెప్పినట్టే, నల్ల సిరాతో, చుట్టూ అంచు గీసి మరీ రాశాడు. తరవాత క్లావా ప్రోఖర్ కూతురు రిమ్మాకు ఫోను చేసింది. రిమ్మా జిల్లా పట్నంలో ఉంటుంది, బస్సులో అయిదారు గంటల దారి. ఆరేళ్ళ కిందట తల్లి శవపేటికను గోతిలోకి దించకముందే, ఎక్కడో పంపు ఆగిందని తండ్రి స్మశానం నుంచి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి తండ్రితో ఆమెకు మాటల్లేవు. ఫోనులో, పదిన్నర బస్సుకు బయల్దేరుతున్నానని మాత్రం చెప్పిందట. బస్సు ఊరు దాటి మైదానంలో పడిందంటే ఇక ఫోను అందదు.

తలుపు పగలగొట్టడానికి మూడో అంతస్తు నుంచి యెర్దెన్ వచ్చాడు. లారీ డ్రైవరు, భుజాలు గుమ్మానికి పట్టని మనిషి. గడ్డపార పెట్టి ఎత్తితే ఇనుప తలుపు, దానితోపాటు చెక్క చట్రం, దానితోపాటు గోడలో సగం పెచ్చులు ఊడి వచ్చాయి. దుమ్ము తగ్గాక అందరూ లోపలికి చూశారు. పక్క నీటుగా సర్ది ఉంది. బల్ల మీద ఒక కప్పు కడిగి బోర్లించి ఉంది. ఫోను దాని పక్కనే ఉంది. శవం లేదు.

బీరువా పిడికి మాత్రం ఇస్త్రీ చేసిన నల్ల సూటు తగిలించి ఉంది. కింద కాగితంలో చుట్టిన కొత్త బూట్లు. సూటు జేబుకు గుండుసూదితో గుచ్చిన చీటీ మీద 'దీనితోనే' అని రాసి ఉంది. ఆ ఒక్క మాట చదివి క్లావా కుర్చీలో కూలబడింది. పై అంతస్తు మనిషి చావుకు బట్టలు సిద్ధం చేసుకుని పెట్టుకున్నాడని అన్నేళ్ళుగా మౌలెన్‌కు తెలియనే తెలియదు. పొరుగూరికి వెళ్ళాడేమోనని మౌలెన్ అన్నాడు. ఈ చలిలోనా, ఏ మంచుగుట్టలో పడి ఉన్నాడోనని క్లావా ఏడ్చింది.

ఏమీ చేయకుండా నిలబడటం చేతకాని యెర్దెన్, ఎలాగూ వచ్చాం, ఆ గాలైనా వదులుదామన్నాడు. ఇంట్లో ఆయన కూతురు, ఆమె ఇరవై రోజుల పసిబిడ్డ ఉన్నారు. ఆయన తొందర దానికోసమే. రేడియేటరు కుళాయి మీద ఏళ్ళ తరబడి రంగు మీద రంగు పడి గట్టిపడింది. ఆయన లారీ చక్రం బోల్టు విప్పినట్టు తిప్పాడు. కుళాయి ఆయన చేతిలోకి వచ్చేసింది.

మరుగుతున్న నల్లనీళ్ళు సూటిగా పైకప్పును కొట్టాయి. మౌలెన్ బొటనవేలితో కన్నం మూయబోయి, కాలి, వెనక్కి దూకాడు. దిండు అదిమి పెట్టాడు. దిండు తడిసి ఉడికి ఈకలన్నీ గదిలో ఎగిరాయి. నీళ్ళు గడప దాటి మెట్లు దిగసాగాయి. గొట్టాన్ని నేలమాళిగలో కట్టేయాలి. నేలమాళిగ తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే, క్లావా ఏడుస్తూనే ప్రోఖర్ ఖాళీ పక్క వైపు చూపించింది.

యెర్దెన్ గడ్డపారతోనే కిందికి పరుగెత్తి ఆ తాళమూ బద్దలుకొట్టాడు. చీకట్లో తుప్పుపట్టిన వాల్వు చక్రాలు రెండున్నాయి. ఏది ఏమిటో తెలియక రెండూ బిగించాడు. నీళ్ళు ఆగాయి. ఆ మెట్లదారిలోని పదిహేను ఇళ్ళకూ వేడి కూడా ఆగింది. ఒక చక్రాన్ని తిరిగి విప్పబోతే దాని కాడ లోపలే పుటుక్కుమంది.

మౌలెన్ బాయిలర్ హౌసుకు ఫోను చేశాడు. అక్కడి ఆవిడ అలసిన గొంతుతో, మనుషులందరూ మంగళవారం నుంచి పంపు దగ్గరే ఉన్నారనీ, తీరగానే పంపుతాననీ చెప్పింది. నీళ్ళు కదలకపోతే మూడు నాలుగు గంటల్లో గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి, అప్పుడిక మార్చి దాకా ఎవరూ ఏమీ చేయలేరని కూడా చెప్పింది. తరవాతి అరగంటలో పదిహేను ఇళ్ళవాళ్ళూ కరెంటు హీటర్లు పెట్టారు. మెట్లదారి ఫ్యూజు పోయింది.

గ్యాసు పొయ్యి అందరికీ ఉంది గానీ నిండు సిలిండరు మౌలెన్ ఇంట్లోనే ఉంది. పన్నెండింటికల్లా ఆ చిన్న వంటింట్లో, పక్కన నడవలో పద్దెనిమిది మంది కోట్లతోనే కూర్చున్నారు. షర్బాను షెల్పెక్‌లు వేయిస్తూనే ఉంది, ఎవరి కోసమో ఇప్పుడు ఎవరికీ తెలియకపోయినా. క్లావా కూడా తన పద్ధతి వదులుకోలేక, పోయినవారి పేరు మీద పెట్టే ఉడికించిన గోధుమలు తేనె కలిపి పట్టుకొచ్చింది. గోడ మీది థర్మామీటరు పద్నాలుగు చూపింది, తరవాత పదకొండు, తరవాత ఎనిమిది. పసిబిడ్డ ఏడుపు సన్నబడింది. యెర్దెన్ లారీ ఇంజను గడ్డకట్టి కదలలేదు. నలభై రోజులు నిండని బిడ్డను ఆ గాలిలో ఎత్తుకుని నడిచే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన చొక్కా గుండీలు విప్పి, బిడ్డను తన ఒంటికి ఆనించుకుని, పైన కోటు కప్పుకున్నాడు. ఆ తరవాత బిడ్డ అసలు ఏడవలేదు. అందరూ ఆ కోటు వైపే చూస్తూ కూర్చున్నారు. దాని తల్లి మాత్రం అయిదు నిమిషాలకోసారి వేలు లోపలికి పెట్టి, బిడ్డ ముక్కు దగ్గర ఊపిరి చూసేది.

కాలిన బొటనవేలికి వెన్న రాసుకుని మౌలెన్ గోడ మూల నిలబడి ఉన్నాడు. "అంతా నా నోటి వల్ల వచ్చింది," అన్నాడు యెర్దెన్‌తో.

"నోరు మీదే మాష్టారూ. చెయ్యి నాది," అన్నాడు యెర్దెన్ తల ఎత్తకుండా.

రెండున్నరకు వీధి తలుపు చప్పుడైంది. మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. వంటింటి గుమ్మంలో, కనుబొమల నిండా మంచుతో, మొహమంతా గ్రీజు మరకలతో ప్రోఖర్ నిలబడ్డాడు. చేతిలో నల్ల అంచు కాగితం ఉంది.

"నేను పుట్టింది యాభై ఒకటిలో మాష్టారూ," అన్నాడు. "మీరు నలభై ఎనిమిది వేశారు."

క్లావా శిలువ గుర్తు వేసుకుని, లేచి వెళ్ళి, ఆయన మోచెయ్యి గట్టిగా గిల్లి చూసింది. మనిషేనని తేలాక కోపం వచ్చింది. మరి ఫోను ఎందుకు తీయలేదని నిలదీసింది. బాయిలర్ హౌసు హోరులో ఫోను వినపడదు, అందుకే ఇంట్లో పెట్టి వెళ్ళానన్నాడాయన. మంగళవారం పొద్దుపోయాక బాయిలర్ హౌసువాళ్ళు వచ్చి తీసుకుపోయారు. ఊరి పెద్దపంపు మూలిగి, నీళ్ళు సగం వేగానికి పడిపోయాయి. దాని సంగతి తెలిసినవాడు ఈయన ఒక్కడే మిగిలాడు. మూడు రాత్రులూ దాని పక్కనే పడుకున్నాడు.

"పదింటికి ఎత్తుకుంది పంపు," అన్నాడు. "మీ గొట్టంలో గాలీ లేదు గీలీ లేదు. ఓ గంట కదలకుండా కూర్చుని ఉంటే మీ గది కొలిమి అయిపోయేది."

ప్రోఖర్ బల్ల మీది రొట్టెలు చూశాడు, గోధుమలు చూశాడు. ఇవి నా పేరు మీదవేనా అని అడిగి, నిలబడే రెండు రొట్టెలు తిన్నాడు. తరవాత యెర్దెన్ కోటు లోపలికి తొంగి చూసి మొహం మార్చాడు. పైకెళ్ళి, ఊడిన తన గుమ్మపు చెక్కలోంచి ఒక బిరడా చెక్కి రేడియేటరు కన్నంలో దిగగొట్టాడు. తరవాత మౌలెన్ దగ్గర టార్చి తీసుకుని తనే నేలమాళిగకు దిగిపోయాడు.

విరిగిన వాల్వు విప్పడానికి గంటన్నర పట్టింది. ఈలోగా వాకిలి దగ్గర గొట్టపు వంపు ఒకటి అప్పుడే గడ్డకట్టిందని తేలింది. షర్బాను పొయ్యి మీద నీళ్ళు మరిగిస్తుంటే మిగతావాళ్ళు కెటిల్ చేతులు మార్చుకుంటూ కిందికి దింపి, గుడ్డలు చుట్టిన గొట్టం మీద పోయసాగారు.

మౌలెన్ అలా కెటిల్ పట్టుకుని దిగుతుండగా వాకిట్లో రిమ్మా ఎదురైంది. తలకు నల్లగుడ్డ, చేతిలో ఆరు ఎర్రపూలు. బతికున్నవాళ్ళకు సరిసంఖ్యలో పూలు ఎవరూ ఇవ్వరు. ఆ పూలను చూసి మౌలెన్‌కు చెప్పాల్సిన మాట నోట్లోనే చిక్కుకుపోయింది. "మీ నాన్నగారు... కింద ఉన్నారు. నేలమాళిగలో," అన్నాడు.

శవాన్ని చల్లగా ఉంటుందని అక్కడ పెట్టారని ఆమె అనుకుంది. ఒక్కతే మెట్లు దిగింది. తప్పు దిద్దుదామని మౌలెన్ వెనకాలే పరుగెత్తాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. గొట్టాల కింద, నేల మీద వెల్లకిలా, కదలని రెండు బూట్లు కనిపిస్తున్నాయి. రిమ్మా పూలు జారవిడిచింది.

"ఎవరది? ఆ టార్చి తీసి ఇటు పట్టండి," అన్నాయి బూట్లు.

ఆమె నేల మీది టార్చి తీసి పట్టింది. వెలుగు గోడల మీద ఎగిరింది. వణకకుండా పట్టమని కసురుతూ ప్రోఖర్ తల తిప్పాడు. చేతినీ, దాని వెనకాల మొహాన్నీ చూశాడు.

"ఎప్పుడొచ్చావు?"

"నీ శవాన్ని చూద్దామని ఇప్పుడే వచ్చాను నాన్నా."

"అది కొంచెం ఆగాలి. ఆ రెంచి అందుకో."

ఆమె అందించింది. మౌలెన్ వెళ్ళిపోదామనుకుని, కెటిల్ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అమ్మ మీద గుప్పెడు మట్టి కూడా వెయ్యకుండా పోయావని రిమ్మా అంది. గొంతు లేవలేదు. ఆ రోజూ ఇంతే చలి, ఆస్పత్రి వైపు పంపు ఆగిపోయిందని ప్రోఖర్ వాల్వులోకే చూస్తూ చెప్పాడు.

"మీ అమ్మకి చెప్పే వెళ్ళాను," అన్నాడు ఆఖరికి.

రిమ్మా చేతిలో టార్చి ఆ తరవాత వణకలేదు.

అయిదు దాటాక ఎక్కడో లోతున ఒక గురక మొదలై, గోడల్లోంచి పైకి పాకి, అంతస్తు తరవాత అంతస్తు గొట్టాలు టకటకలాడాయి. వంటింట్లో ఎవరూ కేరింతలు కొట్టలేదు. రేడియేటరు మీద వరసగా చేతులు పెట్టి నిలబడ్డారు. ఆరింటికి యెర్దెన్ కోటు లోపలి నుంచి పసిబిడ్డ ఆకలితో గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని దాని తల్లి బిడ్డను అందుకుని తనూ ఏడ్చింది. తలుపు లేని ఇంటికి ఎలా వెళతారని క్లావా తండ్రీకూతుళ్ళిద్దరినీ తన ఇంటికి లాక్కుపోయింది. పోతూ పోతూ మిగిలిన గోధుమలు కూడా తీసుకుపోయింది.

అందరూ వెళ్ళాక మౌలెన్ పడకగదిలోకి వచ్చి, ఉదయం వదిలేసిన పరీక్ష పేపర్లు తీసుకుని రేడియేటరు పక్కన కూర్చున్నాడు. కాసేపటికి షర్బాను వచ్చి, గది మరీ ఉడికిపోతోందని కిటికీ తెరిచింది.