ముక్కు బరువు

ఆ ఆదివారం ఉదయం హెడ్ గుమాస్తా గారు నిద్ర లేస్తూనే కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి గాలిని పరీక్షించారు. గాలి లేదు. చెట్ల ఆకులు కూడా సెలవులో ఉన్నట్టున్నాయి. దండయాత్రకు బయలుదేరబోయే సేనాపతికి కలగవలసిన తృప్తి ఆయన ముఖాన వెలిసింది. ఆయన జయించవలసిన రాజ్యం వంటింటి పక్క గదిలోనే ఉంది. దానికి నాలుగు కాళ్ళున్నాయి.

అది భోజనాల బల్ల. కొన్నప్పుడు భోజనాలకే కొన్నారు. కొన్నేళ్ళుగా మాత్రం దాని మీద దూదిలా తేలికైన బాల్సా చెక్క పుల్లలు, బ్లేడు ముక్కలు, గుండుసూదులు, ఉల్లిపొరను తలపించే టిష్యూ కాగితాలు, మూత తీస్తే వీధి చివరి వరకు తుమ్ములు తెప్పించే వార్నిష్ సీసాలు కాపురం ఉంటున్నాయి. కుటుంబం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటోంది. ఆఫీసులో ఏ కాగితాన్నీ తొందరపడి కదిలించి ఎరుగని ఆ చేతులు, ఇంట్లో కాగితాన్ని ఏకంగా ఆకాశానికి ఎక్కించాలని తహతహలాడేవి. ఆకాశమే ఇంతవరకు ఒప్పుకోలేదు. ఆయన కట్టిన బొమ్మ విమానాల్లో కొన్ని ముక్కు ముందుగా, కొన్ని తోక ముందుగా, ఒకటైతే ఏ భాగం ముందుగానో ఎవరూ తేల్చలేని విధంగా నేలకు దిగాయి.

కిందటి వారం అత్తగారి కంచంలో గుండుసూది రావడంతో ఇంట్లో సంధి చర్చలు మొదలయ్యాయి.

"ఈసారి మీ విమానం ఎగిరిందా, బల్ల మీ సొంతం. ఇక జన్మలో అడగను. ఎగరలేదా, ఆ సాయంత్రానికే బల్ల ఖాళీ చెయ్యాలి. మళ్ళీ దాని మీద జిగురు చుక్క కనబడకూడదు" అంది భార్య.

"ఎగరడం అంటే ఎంతసేపో ముందే తేల్చుకోవాలి" అన్నారు హెడ్ గుమాస్తా గారు, ఉద్యోగధర్మం మరువకుండా.

"దానికేముంది అల్లుడుగారూ. నేను కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసేసరికి అది పైన కనబడాలి. అంతే" అన్నారు అత్తగారు. "పోయినసారిది నేను చెంగు అందుకునేలోపే నేల మీదుంది."

న్యాయనిర్ణేతతో పాటు ఆవిడ కళ్ళజోడు కూడా రావలసిందే కనుక, ఆ ఉదయం ముగ్గురూ బయలుదేరారు. భార్య తలుపు తాళం వేసింది. ముగ్గురిలో జేబు ఉన్న మనిషి ఆయన ఒక్కరే కాబట్టి తాళంచెవి ఆయన చేతికిచ్చింది. చరిత్రలో పెద్ద పెద్ద సామ్రాజ్యాలు కూడా ఇలాంటి చిన్న నమ్మకాల దగ్గరే కూలిపోయాయి.

మైదానంలో ఆయన పసుపుపచ్చ విమానాన్ని పెట్టెలోంచి పసిపిల్లను ఉయ్యాల్లోంచి తీసినట్టు తీశారు. ముందు చేత్తో మెల్లగా విసిరి చూశారు. అది ముక్కు పైకెత్తి, ఏదో గుర్తుకొచ్చినట్టు ఆగి, తోక మీద కూలబడింది. ముక్కు బరువు చాలలేదన్న మాట. దానికి చిటికెడు బంకమట్టి అతికిస్తే సరిపోతుంది. చుట్టే రబ్బరు, దానికి పూసే ఆముదం, చిరుగులు మూసే టిష్యూ అన్నీ వచ్చాయి. మట్టి ఒక్కటే వంటింటి గూట్లో ఉండిపోయింది.

గులకరాయి కట్టి చూశారు, ముక్కు వేలాడింది. చొక్కా గుండీ తెంపి కట్టారు, చాలలేదు. జేబులో చెయ్యి పెట్టారు. వేళ్ళకు చల్లగా, చదునుగా ఒకటి తగిలింది. దాన్ని ముక్కు కింద రబ్బరుబ్యాండుతో బిగించి, రెక్కల కింద రెండు వేళ్ళు ఆన్చి ఎత్తి చూశారు. విమానం త్రాసు ముల్లులా నిలిచింది. ఆ ఆనందంలో అది దేని తాళంచెవి అన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు.

"ఆ తోక దగ్గర వత్తేమిటి? వెలిగించరా?" అని భార్య అడిగింది.

"ఎండకు వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. విమానం అందులో చిక్కితే ఇక దిగదు. ఆ వత్తి కాలి, తోకను కట్టి ఉంచిన దారం తెగితే తోక పైకి లేచి, అది బుద్ధిగా కిందికి వచ్చేస్తుంది" అని ఆయన పాఠం చెప్పినట్టు చెప్పారు.

"మరి వెలిగించండి."

"ఇంతవరకు దాని అవసరం రాలేదు" అన్నారాయన నిజాయితీగా.

ముక్కున ఉన్న పంకాను తిప్పుతూ రబ్బరు బిగిసే వరకు చుట్టి, వదిలారు. విమానం ఒక్క వణుకు వణికి, పైకి లేచింది. ముందు మైదానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. రబ్బరు చుట్లు అయిపోయాక దిగవలసింది పోయి, అక్కడే తిరుగుతున్న గద్ద పక్కకు చేరి, దానితో పాటు పైకి తిరగసాగింది. అత్తగారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"ఉంది" అన్నారు, తీర్పు చదివినట్టు.

హెడ్ గుమాస్తా గారి కళ్ళు చెమర్చాయి. ఆయన అర్జీ ఒకటి పైకి వెళ్ళి తిరిగి రాకపోవడం ఇది మొదటిసారి కాదు గానీ, సంతోషం కలిగించడం మాత్రం ఇదే మొదలు. పసుపు చుక్క ఊరి ఇళ్ళ మీదుగా తేలిపోయి మాయమైంది.

"సరే, గెలిచారు. మాట మాటే, బల్ల మీదే" అంది భార్య. నిజానికి ఆవిడ కూడా మెడ నొప్పి పుట్టే దాకా చూసింది. "ఇంటికి పోదాం పదండి. తాళంచెవి ఇటివ్వండి."

ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. అక్కడ గుండీ ఒక్కటే ఉంది. ఆయన తలెత్తి ఆకాశం వైపు చూశారు. ఆ చూపులో భార్యకు సమాధానం మొత్తం దొరికింది.

"రెండో తాళంచెవి ఉంది కదా" అన్నారు అత్తగారు.

"ఉందత్తయ్యగారూ. బల్ల మీద. కొత్త రెక్క వంకర పోకుండా బరువు పెట్టాను."

భార్య అడిగిన తరువాతి ప్రశ్న మృదువుగా ఉంది కనుక ఆయన మరింత భయపడ్డారు. "విమానం రెక్క మీద ఏదో రాశారు. ఏమిటది?"

"అందరూ రాసేదే. తప్పిపోతే దొరికినవాళ్ళు తెచ్చిస్తారని. మన చిరునామా."

"అంటే మన ఇంటి తాళంచెవిని మన ఇంటి చిరునామాతో సహా ఊరి మీద వదిలారు."

"అలా చూస్తే అంతే" అన్నారాయన.

"దొంగలకు ఇంత సాయం వాళ్ళ కన్నవాళ్ళు కూడా చెయ్యరు" అన్నారు అత్తగారు.

ముగ్గురూ దాదాపు పరుగున ఇంటికి చేరారు. కిటికీలోంచి చూస్తే బల్ల మీద, కొత్త రెక్క పైన, రెండో తాళంచెవి చిరునవ్వు నవ్వుతున్నట్టు మెరుస్తోంది. భార్య పక్కింటి దండెం కర్ర తెచ్చి ఊచల్లోంచి దూర్చింది. రెక్క కింద పరిచిన కాగితం అంచు కర్రకు అందింది.

"లాగుతున్నాను. తాళంచెవి దానితో పాటే వస్తుంది."

"ఆగు. జిగురింకా ఆరలేదు. లాగితే రెక్క విరుగుతుంది."

"విరగనివ్వండి."

"బల్ల నాదని ఇందాకే ఒప్పుకున్నావు. దాని మీదున్నదీ నాదే కదా" అన్నారాయన. విజేతకు ఉండవలసిన గాంభీర్యం ఆ గొంతులో ఉంది. ఆ గాంభీర్యమే కొంప ముంచింది. భార్య కర్ర వదిలేసి, వీధి మలుపులో ఉన్న వడ్రంగిని పిలుచుకొచ్చింది.

వడ్రంగి తలుపును రోగిని చూసినట్టు చూశాడు. "తాళం తలుపులోనే బిగించి ఉందమ్మగారూ. తాళం ఊడదీయాలంటే తలుపుకి కాస్త దెబ్బ తగులుతుంది."

"తగలనీ. ఎలాగూ తాళం మార్చాలి. ఎవడో ఈపాటికి చిరునామా చదువుకుంటూ వస్తుంటాడు."

వడ్రంగి ఉలి ఆనించి కొట్టాడు. తలుపు తెరుచుకోలేదు. నిలువునా చీలింది. రెండో దెబ్బకు ఆ రెండు సగాలూ రాలాయి. లోపలంతా చెదలు. ఇన్నాళ్ళూ ఆ ఇంటిని కాపాడినది పైనున్న రంగు మాత్రమేనని తేలింది.

"కొత్త చెక్క రేపు కొట్టు తెరిచాకే దొరుకుతుంది" అని వడ్రంగి తల గోక్కున్నాడు. "ఇవాళ్టికి ఈ గుమ్మం మూయడానికి వెడల్పాటి చెక్క ఏదైనా ఇంట్లో ఉందాండీ?"

భార్య, అత్తగారు ఒకేసారి ఒకే వైపు చూశారు.

హెడ్ గుమాస్తా గారు చాలా వాదించారు. ఒప్పందం, హక్కు, స్వాధీనం వంటి మాటలు వాడారు. "బల్ల మీదేనండీ, ఎవరు కాదన్నారు. మీ బల్లనే మన గుమ్మానికి బిగిస్తున్నాం" అని భార్య సామరస్యంగా చెప్పింది. రెక్కను ఆయనే రెండు చేతులతో ఎత్తి, భద్రంగా కుర్చీలో పెట్టారు. అలసిపోయిన అత్తగారు వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నారు. వడ్రంగి బల్ల కాళ్ళు ఊడదీసి, పాత తలుపు కీళ్ళు, గడియ దానికి బిగించి, పని బాగా కుదిరిందని తనే మెచ్చుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఎవరో బల్ల తట్టారు. తెరిస్తే, డ్యూటీ దిగి వస్తున్న ఒక నర్సు. చేతిలో పసుపుపచ్చ విమానం. ఎక్కడా ఒక్క చిరుగు లేదు.

"ఆస్పత్రి మేడ మీద ఆరేసిన దుప్పట్లలో దిగిందండీ. ఎంతసేపు తిరిగిందనుకున్నారు. మంచం దిగనని మొరాయించే రోగులంతా వరండాలోకొచ్చి చూశారు" అందావిడ. "ముక్కుకి తాళంచెవి కూడా ఉంది. ఇంట్లోకి ఎలా వెళ్తారో పాపం అని తిన్నగా ఇటే వచ్చేశాను." ఆవిడ చూపు గుమ్మానికి బిగించిన చెక్క మీద, దాని నాలుగు మూలల్లోని కాళ్ళ గుంటల మీద కాసేపు నిలిచింది. మర్యాదస్తురాలు కనుక ఏమీ అడగలేదు.

ఆ పూట కుటుంబమంతా నేల మీదే భోజనానికి కూర్చుంది. బల్ల యజమాని మాత్రం దానికి గడియ పెట్టి వచ్చి కూర్చున్నారు.