మూఢంలో తెల్లచీర ప్రయాణం

మరియమ్మ చేతిలో జాకెట్టు ఉంది. చీర లేదు!

ఆ జాకెట్టు ఆ చీరలోంచి కత్తిరించి కుట్టించిందే. తెల్లపట్టు, సన్నటి వెండి అంచు. ఫాల్ కుట్టడానికని చీరను జనగామలోని నవశోభిత బట్టల దుకాణంలోనే ఉంచారు. బయానా తీసుకుని, బిల్లు చీర ఇచ్చేటప్పుడు కొడతామన్నారు. రేపు పొద్దున తరిగొప్పుల చర్చిలో మరియమ్మ కూతురు తేజస్విని పెళ్ళి. కంప్యూటర్ మాత్రం చీర భూపాలపల్లిలో ఉందంటోంది.

"ఫాలు కుట్టుమని ఇచ్చిన చీర భూపాలపల్లికి ఎందుకు వోయిందే?" మరియమ్మ జాకెట్టును కౌంటర్ మీద పరిచింది. "బొగ్గుబాయిల నౌకరి దొరికిందా దానికి?"

బిల్లింగ్ చూసే వనజ తల ఎత్తలేదు. "సిస్టమ్‌ల అట్లనే చూపెడ్తుంది అవ్వా."

బనియన్ల కోసం వెళ్ళి వెనక వరసలో నిలబడ్డ నాకు అప్పుడే జ్ఞానోదయమైంది. పాఠకులారా, సిస్టమ్ అనేది మానవజాతికి దొరికిన వరం!

నవ్వకండి. పూర్వం దుకాణంలో చీర మాయమైతే ఏమయ్యేది? ఎవరో ఒకరు పోగొట్టారని తేలేది. ఆ ఒకరికి పేరుండేది. పేరుంటే తిట్లు, ఏడుపులు, పంచాయితీలు. ఇప్పుడో? సిస్టమ్ పోగొడుతుంది. తిట్టండి చూద్దాం! దానికి అమ్మ లేదు, అక్క లేదు. ఇక మనకొచ్చిన తిట్లు దేనికి పనికొస్తాయి?

ఈ వరం ఊరికే రాలేదు. దాని వెనక మహా ప్రణాళిక ఉంది.

జనగామ, మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్, భూపాలపల్లి. మూడు ఊళ్ళలో మూడు నవశోభితలు. ఇన్నాళ్ళూ ఏ దుకాణం సరుకు ఆ దుకాణంలోనే ఉండేది. చెయ్యి చాపితే దొరికేది. ఎంత వెనుకబాటుతనం! దాన్ని రూపుమాపడానికి హైదరాబాద్ నుంచి దయాకర్ అనే ప్రాజెక్ట్ మేనేజర్ దిగాడు. మూడు దుకాణాల సరుకు, బిల్లులు, గోడౌన్లు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తేవాలి. స్లైడ్లు వేశాడు. స్లైడ్ల నిండా బాణాలు వేశాడు. ఆ బాణాలు చూస్తే ఎవరికైనా యుద్ధం గెలిచినట్టే ఉంటుంది.

ప్లాన్ ప్రకారం ముందు పరీక్షలు, తర్వాత ప్రారంభం. ఇంతలో మూఢం వచ్చిపడుతోందని తెలిసింది. మూఢంలో కొబ్బరికాయ కొడతామా? అందుకని ముందు ప్రారంభం, తర్వాత పరీక్షలు అని నిర్ణయం జరిగింది. ఎవరు నిర్ణయించారంటారా? ఎంత మొరటు ప్రశ్న! వాన పడ్డట్టు నిర్ణయం పడింది. సర్వర్‌కు బొట్టు పెట్టారు. మౌస్‌కు పసుపు దారం కట్టారు. దారం అడ్డొచ్చి కాసేపు మౌస్ కదల్లేదట. శుభసూచకమన్నారు!

మరి పరీక్షలెక్కడ చెయ్యాలి? నడుస్తున్న దుకాణంలోనే. దేనితో చెయ్యాలి? మూఢంలో పెళ్ళిళ్ళుండవు, పట్టుచీరలు కదలవు కనక వాటితోనే చెయ్యాలని ఇంకో నిర్ణయం పడింది. దయాకర్ బృందం వాళ్ళు మరింత జాగ్రత్తపరులు. పట్టులోనూ తెల్లది ఎంచుకున్నారు. పెళ్ళికి తెల్లచీర ఎవరు కొంటారు? దుకాణం మెట్ల మీద నిలబడితే ఆదివారం చర్చి గంట వినిపించే ఊళ్ళో కూర్చుని ఈ మాట అనుకోవాలంటే మామూలు ఏకాగ్రత చాలదు, పాఠకులారా!

పరీక్ష మొదలైంది. చీరను జనగామ నుంచి మహబూబాబాద్‌కు పంపినట్టు టైప్ చేశారు. పంపినట్టు, అంతే! కానీ ప్రారంభమైపోయిన సాఫ్ట్‌వేర్‌కు "అన్నట్టు" అంటే ఏం తెలుసు? కింద గోడౌన్‌లో నిఖార్సయిన చీటీ ఒకటి ముద్రించింది. వ్యాన్ డ్రైవర్ లింగ్యా ఆ చీటీ ప్రకారం చీరను నిఖార్సుగా ఎక్కించుకుపోయాడు.

పై అంతస్తు ఏసీ గదిలో తెర మీద పచ్చ టిక్కు పడింది. "అచ్చం నిజంగా సరుకు చేరినట్టే చూపిస్తోంది!" అని దయాకర్ మురిసిపోయాడు. ఆ మురిపెంలో చీరను భూపాలపల్లి పంపినట్టు చేశాడు. వెనక్కి రప్పించినట్టు చేశాడు. మళ్ళీ పంపినట్టు చేశాడు. అన్ని పరీక్షలూ పాస్!

ఆ చీర అదృష్టం చూడండి. తొర్రూరు చూసింది. నర్సంపేట చూసింది. బొగ్గు లారీల వెనక మైళ్ళకు మైళ్ళు వెళ్ళింది. మన ఇళ్ళలో బీరువా దాటి లోకం ఎరగని చీరలు ఎన్ని లేవు?

మరియమ్మ మాత్రం ఈ భాగ్యాన్ని గుర్తించలేదు. "నాకు ముచ్చట్లు వద్దు. గా సిస్టమ్ అనేటోన్ని జర పిలువుండ్రి. నేనే మాట్లాడ్త" అంది.

వనజ ఫోన్ తీసి లింగ్యాకు కలిపింది. లింగ్యా కేసముద్రం మార్కెట్ దగ్గర మొక్కజొన్న ట్రాక్టర్ల మధ్య ఇరుక్కుని ఉన్నాడు.

"అక్కా, నా జేబుల మూడు చీటీలున్నయ్" అన్నాడు. "ఒకటి మానుకోటకు పొమ్మంటది. ఒకటి భూపాలపల్లికి పొమ్మంటది. ఇంకోటేమో నేను పొద్దుగాల్నే భూపాలపల్లిల చీర దించేసిన అంటది. మరి నా పక్క సీట్ల కూసున్నదేంది?"

మరియమ్మ ఫోన్ లాక్కుంది. "బిడ్డా, గది నా బిడ్డ పెండ్లి చీర. చీటీలు చింపి పారేసి ఇటు రా."

"వస్తున్న అవ్వా. జర ట్రాక్టర్లు జరగనీ."

పొద్దుగూకే వేళకు చీర వచ్చింది. ఎక్కడా మరక లేదు, ఫాల్ కూడా కుట్టే ఉంది. మరియమ్మ జాకెట్టును అంచుకు ఆనించి చూసుకుంది. కళ్ళు తుడుచుకుంది. కథ ఇక్కడే అయిపోవాలి కదా?

కాలేదు. భూపాలపల్లిలో ఉన్న చీరకు జనగామలో బిల్లు కొట్టడానికి కంప్యూటర్ ఒప్పుకోలేదు. బిల్లు పడనిదే చీరకున్న అయస్కాంతం బిళ్ళ తియ్యరు. బిళ్ళ తియ్యనిదే తలుపు దగ్గర సైరన్ ఊరుకోదు. తప్పు సరిదిద్దాలంటే ఒక గడి నింపాలట. ఆ గడి మీద ఇలా ఉంది: "తప్పుకు బాధ్యులు ఎవరు?"

చూశారా, సిస్టమ్ చేసిన ద్రోహం! ఇంతసేపూ దాన్ని నెత్తిన పెట్టుకుని పొగిడాను. అది తిరిగి మనల్నే పేరు అడిగింది!

దయాకర్ కిందికి దిగి వచ్చాడు. "సిస్టమ్ అని కొట్టండి" అన్నాడు. వనజ కొట్టింది. తీసుకోలేదు. మనిషి పేరే కావాలంది.

"అయితే డ్రైవర్ పేరు పెట్టండి."

"నేనేం జేసిన సారు?" లింగ్యా గుమ్మంలోనే ఆగిపోయాడు. "పొమ్మంటె పోయిన, రమ్మంటె వచ్చిన!"

"ఊరికే ఫార్మాలిటీ బాబూ. సరే, వనజా, మీ పేరు పెట్టెయ్యండి. ఏం కాదు."

ఏం కాదన్నప్పుడు తన పేరు ఎందుకు పెట్టుకోలేదో నాకు అర్థం కాలేదు. వినయం అయి ఉంటుంది! వనజ వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి. మరియమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"నా బిడ్డ చీర కోసం నీ నౌకరి వోవుడేందే? చేసినోళ్ళ పేరు కొట్టు."

"వాళ్ళ పేరు కొట్టినా నౌకరి పోతదవ్వా."

"ఎట్లైనా పోయేటట్టుంటే నిజం జెప్పే పోనియ్."

వనజ టకటకా ఏదో కొట్టింది. బిల్లు పడింది. బిళ్ళ ఊడింది. మరియమ్మ చీరను గుండెకు హత్తుకుని తలుపు దాటింది. సైరన్ కిక్కురుమనలేదు. చీర తరిగొప్పుల ఆటో ఎక్కింది.

వెంటనే దయాకర్ ఫోన్ మోగింది. దుకాణాల యజమాని! హైదరాబాద్‌లో డిజిటల్ వ్యాపారం మీద ప్రసంగించి అప్పుడే వేదిక దిగాడట. దయాకర్ కంగారులో స్పీకర్ నొక్కాడు.

"ఏందయ్యా, చీర తిప్పలైందని మెసేజ్ వచ్చింది? బాధ్యులు అని పేరేదో ఉన్నది, అద్దాలు లేక కనిపిస్తలేదు. ఎవడు వాడు? గట్టిగ చెప్పు. ఇయ్యాల్నే పీకేస్త!"

దయాకర్ సీలింగ్ ఫ్యాన్ వంక భక్తిగా చూస్తున్నాడు. వనజ ఫోన్ దగ్గరికి వంగింది. దుకాణమంతా వినబడేలా చెప్పింది.

"మూఢంల పెండ్లిళ్ళు ఎవరు చేస్తరు, నడిచే దుకాణంలనే టెస్టింగులు చెయ్యిండ్రి అన్నాయన, సారు. రాంచందర్. మీరే!"