కియాముత్వేలో ఆదర్శ పాదం

మనిషి పాదం ఇకమీదట ఆ మనిషి సొంతం కాదని, అది తేయాకు దిగుబడిలో ఒక భాగమని కియాముత్వే తేయాకు రైతుల సంఘం తీర్మానించిన రోజున ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. (అభ్యంతరాలు టీ తర్వాత వింటామన్నారు. టీ తర్వాత వాన వచ్చింది.) ఈ కొండల్లో వానాకాలమంతా జనం రబ్బరు బూట్లలోనే బతుకుతారు. బూట్లలోకి నీళ్ళు చేరతాయి, వేళ్ళ సందులు నానతాయి, చర్మం తెల్లగా ఉబ్బి చిట్లుతుంది, ఆ మంటకి మనిషి కుంటుతాడు. కుంటేవాళ్ళ బుట్ట ఆలస్యంగా నిండుతుందని నైరోబీ నుంచి వచ్చిన ఓ పెద్దమనిషి కారు దిగకుండానే కనిపెట్టాడు. దాంతో సంఘంలో పాద సంక్షేమ శాఖ వెలిసింది.

శాఖకు అధికారిగా గిచోహి గారిని వేశారు. ఆయన అంతకుముందు ఉద్యోగమంతా పశువుల శాఖలో చేశాడు. కాళ్ళ విషయంలో ఆయనకున్నంత అనుభవం జిల్లాలో ఎవరికీ లేదని, పైగా ఆయన మనిషికున్న వాటికి రెట్టింపు కాళ్ళు చూసుకున్నవాడని అధ్యక్షుడు సభలో మెచ్చుకున్నాడు. ఊరి చివర పశువుల్ని పేలమందులో ముంచి తీసే సిమెంటు తొట్టె ఒకటుంది. రైతులు ఇళ్ళ దగ్గరే పంపుతో మందు కొట్టుకోవడం నేర్చాక అది పనిలేకుండా పడి ఉంది. పని లేని తొట్టె, పని కావలసిన అధికారి ఒకే ఊళ్ళో ఉంటే పథకం పుట్టకుండా ఆపడం ఎవరి తరం?

తోటలోకి దిగే ప్రతివారూ పొద్దున్నే ఆ తొట్టెలో చీలమండలు మునిగేలా మందునీళ్ళలో వరసకట్టి, వంతు వచ్చాక పాదం ఎత్తి చూపాలన్నారు. జబ్బు పాదమైతే తోటలో అడుగుపెట్టకూడదు, అది సొంత తోటైనా సరే. మామూలు పాదమైతే వెళ్ళొచ్చు. వీటి పైన ఆదర్శ పాదమని ఇంకో తరగతి ఉంది గానీ, అది ఎవరికీ రాలేదు కాబట్టి దాని నిబంధనలు ఎవరూ చదవలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా వరస సాగేది. (ఆవులు ఇంతకన్నా చురుగ్గా కదిలేవని గిచోహి గారు తరచు బాధపడేవాడు.)

సొంతంగా చిన్న తేయాకు తోట ఉన్న గథోని పాదం మొదటి సోమవారమే జబ్బు పాదమని తేలింది. కుడికాలి చిటికెన వేలి సందులో చర్మం చిట్లింది. ఆమె భర్త మొంబాసా రేవుకి పోయే లారీ మీద ఉంటాడు, తోటంతా ఆమె చేతుల మీదే నడవాలి. వానలకి చిగురు ఎగదన్నుకొస్తోంది. రెండాకులూ మొగ్గా ఉన్నప్పుడే తెంపాలి, ముదిరితే సంఘం కన్నెత్తి కూడా చూడదు. ఈ ఆకు పోతే వచ్చే పంట దాకా ఇంట్లో గిథేరి ఉడికే కుండలోకి మొక్కజొన్నలూ చిక్కుళ్ళూ ఎక్కడివి? ఆమె కంచె బయట నిలబడి తన ఆకు ముదురుతుంటే చూసింది, ఏడుపు ఆపుకోలేకపోయింది. పొరుగింటి న్యాకియో తాను తెంపిపెడతానంది గానీ, ఎవరి ఆకుకు వారి పాదమే జవాబుదారీ అన్న నిబంధన అడ్డొచ్చింది.

మరుసటి వారం తొట్టెలో నిలబడే ఆమె మొరపెట్టుకుంది. "తగ్గితేనే కదా సార్ తోటలోకి పంపిస్తారు? తగ్గాలంటే కాలు ఆరాలి. ఆరాలంటే ఈ నీళ్ళలోంచి బయటికి రావాలి."

గిచోహి గారు గట్టు మీద, చెక్కపలక వేసుకుని, రెండు జతల ఊలు మేజోళ్ళలో నిలబడి శ్రద్ధగా విన్నాడు. "బయటికొస్తే నీ వంతు పోతుందమ్మా," అన్నాడు, నిజంగానే ఆమె మేలు కోరి.

గథోని తన వంతు పోగొట్టుకుని ఇంటికి పోయింది. దవాఖానా నర్సు ఎప్పటి నుంచో అందరికీ చెబుతున్నదే చేయడం మొదలుపెట్టింది. (శాఖ లెక్కలో ఇది అనధికార చికిత్స.) పొద్దునా సాయంత్రం సబ్బునీళ్ళతో కాళ్ళు కడుక్కుని, మెత్తటి పాత గుడ్డతో వేళ్ళ సందులు ఒక్కొక్కటీ తడి లేకుండా ఒత్తుకుంది. మందుల షాపులో ఇచ్చిన పూతమందు రాసుకుంది, దురద పోయాక కూడా మానలేదు. బూట్లు కంచె కర్రలకి బోర్లించి ఎండబెట్టింది. నూలు మేజోళ్ళు ఏ రోజువి ఆ రోజు ఉతికింది. ఇంట్లో గాలి తగిలే టైరు చెప్పులే తొడుక్కుంది.

"ఏమే, కాలికి బాలింత పథ్యం పెట్టావా?" అని న్యాకియో కంచె మీంచి ఎగతాళి చేసింది. తర్వాత గొంతు తగ్గించి, ఆ పూతమందు పేరేమిటో అడిగి పోయింది.

చిట్లిన చోట కొత్త చర్మం వచ్చాక గథోని బుట్ట వీపుకి తగిలించుకుని శాఖ ముందు హాజరైంది. గిచోహి గారు పాదాన్ని అటూ ఇటూ తిప్పి, వేళ్ళు విడదీసి చూశాడు. తొట్టెలో ఉన్న జనాన్నంతా పిలిచి చూపించాడు. తొట్టె సాధించిన మొట్టమొదటి ఆదర్శ పాదం ఇదేనని ప్రకటించి ఫొటో తీయించాడు. వంతు పోగొట్టుకున్న రోజు నుంచి తాను అసలు తొట్టెలో దిగనే లేదని గథోని రెండుసార్లు చెప్పింది. తొట్టె ప్రభావం ఇళ్ళదాకా పాకుతోందన్నమాట అని ఆయన ఇంకా సంతోషించాడు. జనం తడికాళ్ళ మీదే నిలబడి చప్పట్లు కొట్టారు.

సంబరం అయ్యాక ఆమె తోట దారి పట్టింది. గుమాస్తా ఆపాడు. అప్పుడు తొలిసారిగా ఆదర్శ పాదం నిబంధనలు పైకి చదివారు. అలాంటి పాదాన్ని బురదలోకి, తడి బూట్లలోకి, తేయాకు తోటల్లోకి తీసుకుపోవడం నిషిద్ధం. పెద్దలెవరైనా వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని దాన్ని చూపిస్తే చాలు.

గథోని వీపు మీది బుట్ట దించలేదు. "నాకు ఆదర్శం వద్దు సార్," అంది. "మామూలు పాదం ఇప్పించండి. కిందివరసలో కొంచెం ఆకు ఇంకా లేతగా ఉంది, ఈ వారం తెంపకపోతే అదీ పోతుంది."

గిచోహి గారు జాలిపడ్డాడు. తరగతి తగ్గించే అధికారం తనకు లేదని, పాదమే తనంతట తాను తగ్గి రావాలని నెమ్మదిగా వివరించాడు. అందుకేం చేయాలని ఆమె అడిగింది. ఆయన తడుముకోలేదు.

"ఇవాళ సోమవారమే కదమ్మా, ఇప్పుడే దిగి తొట్టెలో నిలబడు. గురువారం దాకా చాలు. శుక్రవారం కూడా నిలబడ్డావనుకో, మళ్ళీ జబ్బు పాదమైపోతుంది."

తొట్టె నీళ్ళే పాదాన్ని చెడగొడతాయన్న సంగతి ఇన్నాళ్ళూ ఆయనకు తెలియదేమో అనుకుని గథోని ఆయన్ని మనసులో క్షమిస్తూ వచ్చింది.