చప్పుడు చెయ్యని రంపం

శనివారం ఉదయం అప్పాజీ వేసుకున్న పథకంలో వెతికినా లోపం కనపడదు. ఏడింటికి భార్య సూర్యకళ, అతని తల్లి మాణిక్యాంబను ఆటోలో కోరుకొండ తీసుకెళుతుంది. ఎనభై రెండేళ్ళ మాణిక్యాంబ కొండ ఎక్కలేదు. కింద మెట్ల దగ్గరే కూర్చుని నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని, కోడలు పైకి వెళ్ళొచ్చేలోగా పక్కన కూర్చున్నవాళ్ళ ఊళ్ళూ పేర్లూ కనుక్కుంటుంది. పదకొండున్నరకి గాని తిరిగి రారు. ఈలోగా అప్పాజీ బజారుకెళ్ళి ఒక బ్యాటరీ రంపం కొనాలి, పెరట్లో మామిడిచెట్టుకి ఒకే ఒక్క కొమ్మ కొయ్యాలి, పొట్టు ఊడ్చెయ్యాలి, ఆ తర్వాత గాలికి విరిగిపడిందని చెప్పడానికి తగిన మొహం పెట్టుకుని అరుగు మీద కూర్చోవాలి.

కాలవల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా ఫైళ్ళు రాస్తున్న మనిషి రంపం పట్టాలనుకోవడానికి కారణం ఆ కొమ్మే. అది మాణిక్యాంబ పడుకునే గది రేకుల మీదికి వాలింది. మొదలు దగ్గర తొర్ర పడింది. కాస్త గాలి వేస్తే చాలు, రేకుల మీద బరబరా రాసుకుంటుంది. అప్పాజీ టేపు పెట్టి కొలిచి చూశాడు. విరిగిందంటే సరిగ్గా తల్లి మంచం మీదే పడుతుంది. పైగా వాయుగుండం వస్తోందని టీవీలో రెండు రోజులుగా చెబుతున్నారు. ఆ సంగతి తలుచుకుంటే అతనికి అన్నం సయించడం లేదు.

అయితే ఆ చెట్టు మీద కత్తి పడకూడదని మాణిక్యాంబ మాట. భర్త పోయినప్పుడు ముసురు పట్టి ఉంది, కట్టెల కోసం ఇంటిల్లిపాదీ నానా అవస్థలూ పడ్డారు. పెరట్లో మామిడి కొట్టి ఇంటి కట్టెలతోనే సాగనంపడం ఆ వైపు పాత మర్యాద. తనకైనా అది జరగాలని ఆవిడ స్వయంగా మొక్క నాటి, నీళ్ళు పోసి పెంచింది. "ఇది నాకోసం. నేను పోయాక మానూ కొమ్మా మీ ఇష్టం. నేనున్నన్నాళ్ళూ దీని జోలికెళ్ళొద్దు" అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెట్టును చూపించి మరీ చెప్పేది. కొందరు పట్టుచీర దాచుకుంటారు, ఆవిడ చెట్టు దాచుకుంది.

గది మారమంటే మారలేదు. చెట్లు కొట్టేవాళ్ళను రెండుసార్లు పిలిపిస్తే వాళ్ళు వచ్చి, కుర్చీలో కూర్చున్న మాణిక్యాంబను చూసి, ఆవిడ ఇచ్చిన టీ తాగి, "పెద్దావిడ వద్దంటుంటే మా చెయ్యి ఆడదండి" అని వెళ్ళిపోయారు. ఇక తన చెయ్యే ఆడాలి. పెట్రోలు రంపమైతే వీధి వీధంతా వింటుంది, విన్నది అమ్మకి చేరుతుంది. అందుకని అప్పాజీ మూడు రోజులు ఆఫీసులో కూర్చుని ఫోన్లో వీడియోలు చూసి, బ్యాటరీది తక్కువ చప్పుడు చేస్తుందని తేల్చుకున్నాడు.

ఏడున్నరకల్లా పనిముట్ల కొట్లో ఉన్నాడు. కొట్టు యజమాని పల్లంరాజు ఆ ఇంటికి మూడు దశాబ్దాలుగా పారలూ, స్ప్రేయర్లూ అమ్ముతున్నాడు. మాణిక్యాంబ చేతి కాఫీ కూడా తాగాడు.

"ఏం కొయ్యాలండి?" అన్నాడు పల్లంరాజు.

"మామిడండి. తొడంత లావుంటుంది."

పల్లంరాజు చిన్నదాన్ని తీసినట్టే తీసి పక్కన పెట్టేశాడు. "ఈ నాలుగంగుళాలది కరివేపాకు చెట్టుకీ, గులాబీలకీ అండి. మామిడికి పెడితే చైను పట్టేసుకుంటుంది. అదిగో, ఆ పదహారంగుళాల పెట్రోలుది తీసుకోండి. మానైనా పడిపోతుంది."

"చప్పుడెక్కువ కదండి?"

"ఉంటుందండి."

"వద్దండి. ఇవాళ ఇంటి దగ్గర చప్పుడు కాకూడదు."

పల్లంరాజు అతని మొహంలోకి చూశాడు. మూడు రోజులుగా నిద్ర లేని మొహం అది. "అయితే పదంగుళాల బ్యాటరీది తీసుకోండి. బరువుండదు, చప్పుడూ తక్కువ. ఎప్పటికి కావాలండి?"

"ఇప్పుడేనండి. పదకొండులోపు అయిపోవాలి."

"ఏ చెట్టండి? అమ్మగారిదా?"

అప్పాజీ తల దించుకున్నాడు. అది తల్లి మాట దాటుతున్నానన్న బాధ. "మీకు తెలిసిందే కదండి. ఇంక తప్పలేదు. దయచేసి ఎవరికీ చెప్పకండి."

పల్లంరాజు రంపం తీసి బల్ల మీద పెట్టాడు. చైను తనే బిగించాడు, నూనె తనే పోశాడు, కళ్ళద్దాలూ చేతి తొడుగులూ ఊరికే సంచిలో వేశాడు, అప్పాజీ భుజం మీద చెయ్యి వేసి స్కూటర్ దాకా సాగనంపాడు. కొన్నవాళ్ళందరికీ తప్పకుండా చెప్పే మాట, ముందు బ్యాటరీ నిండా ఛార్జింగు పెట్టుకోమన్న మాట, ఆ దుఃఖంలో చెప్పడం మర్చిపోయాడు.

ఎవరికీ చెప్పకండి అన్నవాడి కష్టాన్ని ఎవరికీ చెప్పకుండా ఉండటం గోదావరి జిల్లాల మనిషి వల్ల అయ్యే పని కాదు. తల్లి పోతే కొడుకు నలుగురినీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక ఒక్కడే రంపం కొనుక్కెళ్ళాడంటే, ఆ నలుగురూ ఇంక ఎందుకున్నట్టు? పల్లంరాజు, అప్పాజీ ఎదురింట్లో ఉండే వెంకటరమణకి ఫోన్ చేశాడు. "అప్పాజీగారు అమ్మగారి చెట్టు కొడుతున్నారండి" అన్నాడు, అంతే. ఆ వైపు మర్యాదస్తులు చావును పేరు పెట్టి చెప్పరు, పేరు పెట్టి అడగరు కూడా. వెంకటరమణ మేష్టారుగా రిటైరైన మనిషి. చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏం జరిగినా ముందుండి జరిపించేది ఆయనే. పుస్తకంలో నంబర్లు చూసి వరసగా ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాడు.

పెరట్లో అప్పాజీ కొమ్మను తాడుతో మానుకి బిగించి కట్టి, నిచ్చెన ఎక్కాడు. వీడియోల్లో చెప్పినట్టే రెండు చేతులతో పట్టుకున్నాడు. రంపం నిజంగానే పెద్ద చప్పుడు చెయ్యలేదు. వెన్నలోకి దిగినట్టు సగం కొమ్మ దాకా దిగి, అక్కడ ఆగిపోయింది. రెండో బ్యాటరీ పెడితే మరో అంగుళం దిగి అదీ ఆగింది. ఛార్జింగుకి గంటన్నర పడుతుందని డబ్బా మీద రాసి ఉంది. బ్యాటరీలను ఇంట్లో ప్లగ్గుకి పెట్టి వచ్చి, కొమ్మలో ఇరుక్కున్న రంపాన్ని ఊడలాగడానికి మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. అది కదలలేదు. లాగినకొద్దీ కొమ్మ కిర్రుమనేసరికి, దాన్నలా వదిలి దిగడానికి అతనికి ధైర్యం చాల్లేదు.

చెప్పులు గేటు బయటే వదిలి వెంకటరమణ పెరట్లోకొచ్చి, తలెత్తి చూశాడు. అప్పాజీ నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు. దొరికిపోయాననుకున్నాడు.

"నా చేత్తో నేనే చెయ్యాలనుకున్నానండి" అన్నాడు పైనుంచి. "ఇంకొకళ్ళ చేత చేయించడానికి మనసొప్పలేదు."

"కొడుకంటే మీరండి" అన్నాడు వెంకటరమణ, కళ్ళు తుడుచుకుంటూ. "ఎన్నింటికి తీసుకొస్తున్నారు?"

"పదకొండున్నరకండి. సూర్యకళ పక్కనే ఉంది."

ఏ ఆసుపత్రి నించి అని వెంకటరమణ అడగలేదు. అలాంటివి అడగరు.

తర్వాత ఇంకో నలుగురు వచ్చారు, ఆ తర్వాత పది మంది. చెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడ్డారు. చెట్టు కొడుతున్నందుకు అందరూ తనను తప్పుపట్టడానికి వచ్చారని అప్పాజీ అనుకున్నాడు. "ఎన్నాళ్ళని చూస్తామండి? ఎప్పుడో ఒకప్పుడు తప్పదు కదా" అన్నాడు సంజాయిషీగా. "తప్పదండి, ఎవరికైనా అంతే" అన్నారు వాళ్ళు. ఇంత మంచివాళ్ళని తెలిస్తే ముందే సాయం అడిగేవాణ్ణి కదా అని అతనికి మనసు తేలికపడింది. ఇంటి ముందు షామియానా లేస్తున్నదీ, కుర్చీలు దిగుతున్నదీ పెరట్లో ఉన్నవాడికి కనపడే వీలు లేదు.

పదకొండు దాటాక మొగల్తూరు నించి కారొచ్చింది. దిగినావిడ పెద్దింట్లమ్మ, మాణిక్యాంబకి స్వయానా చెల్లెలు. అక్కాచెల్లెళ్ళకి తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఈ ఇంట్లో జరిగిన ఒక పెళ్ళిలో పెద్దింట్లమ్మకి మొదటి బంతిలో ఆకు వెయ్యలేదు. రెండో బంతిలో కూర్చునేసరికి గుత్తివంకాయ అయిపోయింది. చెల్లెలు ఆకు ముందు నించి లేచి వెళ్ళిపోయింది, అక్క ఆపలేదు. అంతే సంగతి. పెద్దింట్లమ్మ తిన్నగా పెరట్లోకొచ్చి మామిడి మానును కావలించుకుంది.

"అక్కా, వంకాయ కూర కోసం నిన్ను పోగొట్టుకున్నానే. నువ్వొక్కసారి ఫోన్ చేస్తావేమో అని చూశాను, నువ్వూ అలాగే చూశావేమో. ఇంక ఎవరు చేస్తారే?"

నిచ్చెన మీద అప్పాజీకి అప్పుడు తెలిసింది. ఒక్కొక్కరూ అన్న ఒక్కొక్క మాటా వెనక్కి తిరిగి వచ్చి అర్థమైంది.

"పిన్నీ, అమ్మకేం కాలేదు. కోరుకొండ వెళ్ళింది" అన్నాడు.

చెట్టు కిందున్నవాళ్ళందరూ ఒకేసారి తలలెత్తారు. "ఏంట్రా?" అంది పెద్దింట్లమ్మ. అదే సమయానికి వీధిలో ఆటో ఆగింది.

మాణిక్యాంబ ఆటోలోంచి దిగి షామియానా చూసింది. గేటు ముందు చెప్పుల గుట్ట చూసింది. దండ పట్టుకున్న వెంకటరమణను చూసింది. ఇంటి పక్క సందులోంచి తన చెట్టూ, దానికి ఆనించిన నిచ్చెనా కనిపించాయి. ఆ చెట్టు ఎందుకు కొడతారో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కాని తను ఇక్కడ కాళ్ళ మీద నిలబడే ఉంది.

"అబ్బాయేడి?" అంది.

ఎవరికోసం వచ్చారో ఆ మనిషే ఎదురుగా నిలబడి అడిగితే జవాబు చెప్పడానికి ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఆ మౌనం చూసి ఆవిడ ప్రసాదం సంచి వదిలేసింది. "అబ్బాయేడండీ? ఎవరైనా చెప్పరేం?" అంటూ సందులోకి, ఆ వయసులో, దాదాపు పరిగెత్తింది. సూర్యకళ వెనకే పరిగెత్తింది.

ఒంటి నిండా పొట్టుతో అప్పాజీ ఎదురొచ్చాడు. మాణిక్యాంబ అతని మొహం రెండు చేతులతో పట్టుకుని చూసింది. భుజాలు తడిమింది. తర్వాత చెంప మీద ఒక్కటి కొట్టింది. అప్పుడు ప్రాణం లేచొచ్చినట్టుంది, మెట్టు మీద కూలబడిపోయింది.

"కొమ్మ నీ మంచం మీద పడుతుందనే అమ్మా" అన్నాడు అప్పాజీ పక్కన కూర్చుని. "నీకు తెలీకుండా కోసేద్దామనుకున్నాను. వీళ్ళు ఇంకోలా అనుకున్నారు."

"పడుతుందని నాకు తెలీదా? పడితే పడనీ, నా చెట్టే కదా అనుకున్నాను." ఆవిడ కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇందాక ఆ నిచ్చెన చూసి, చెట్టు నీకోసం కొడుతున్నారనుకున్నానురా. నీకోసం. నా చేత్తో నీళ్ళు పోసి పెంచాను కదా, ఎవరికోసం పెంచానా అనుకున్నాను. ఇంక అది నాకొద్దు. ఆ కొమ్మ కొట్టెయ్. నా మంచం కూడా ముందు గదిలో వెయ్యండి."

అప్పాజీ తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. వచ్చినవాళ్ళు ఎందుకొచ్చారో అందుకు ఏడవలేకపోయిన ఏడుపు ఇక్కడ ఏడ్చారు. వెంకటరమణ చేతిలో దండను ఏం చెయ్యాలో తోచక తులసికోటకి వేశాడు. ఆలస్యంగా వచ్చిన పల్లంరాజు అందరికంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు. "ఛార్జింగు సంగతి చెప్పకపోవడం నాదే తప్పండి" అన్నాడు, మిగతా తప్పుల మాట ఎత్తకుండా. నిండిన బ్యాటరీ తనే తెచ్చి అమర్చి, నిచ్చెన తనే పట్టుకున్నాడు. నలుగురు తాడు పట్టారు. కొమ్మ నెమ్మదిగా, రేకులకి తగలకుండా దిగింది. అంతమందిలో కోత చప్పుడు ఎవరికీ వినపడనే లేదు.

ఇంటికొచ్చిన మనిషి భోజనం చెయ్యకుండా వెళ్ళడం ఆ ఇంట్లో లేదు. షామియానా ఎలాగూ ఉంది. సూర్యకళ నలభై మందికి వంట మొదలుపెట్టింది. మాణిక్యాంబ చెల్లెల్ని చెయ్యి పట్టుకు తీసుకొచ్చి మొదటి బంతిలో మొదటి ఆకు ముందు కూర్చోబెట్టింది. తొందరలో దింపిన అన్నం కావడంతో పలుకు మిగిలింది. పెద్దింట్లమ్మ ఆ మాట అంది, మాణిక్యాంబ ఊరుకోలేదు, తొమ్మిదేళ్ళ తర్వాత ఇద్దరూ హాయిగా మాటామాటా అనుకున్నారు.

సాయంత్రం బయల్దేరేముందు పెద్దింట్లమ్మ పెరట్లో పడున్న కొమ్మ చుట్టూ తిరిగి, ఒక చివర బలం చూసింది.

"అక్కా, నువ్వెలాగూ వద్దన్నావు కదా. మా వైపు చేపల చెరువులు తవ్వేసి చెట్టన్నది లేకుండా చేశారు. ఇది నాకిచ్చెయ్. నాకూ కావాలిగా."

మాణిక్యాంబ చెల్లెల్ని చాలాసేపు చూసింది. "పొడుగెక్కువ. ముక్కలు చేసి ఇవ్వరా" అంది కొడుకుతో.

మర్నాడు కొమ్మ ట్రాలీ ఆటోలో మొగల్తూరు చేరింది. పెద్దింట్లమ్మ దాన్ని వంటింటి వెనక వసారాలో ఇటుకల మీద పేర్పించింది. చెదలు పట్టలేదని చెప్పడానికి ప్రతి శనివారం అక్కకి ఫోన్ చేస్తుంది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఇద్దరికీ గంటన్నర పడుతోంది.